పదహారేళ్ళ పిల్లాడి చేతికి డబ్బు ఎలా ఇవ్వాలి? మా ఇంట్లో జరిగింది చెప్తాను, సలహా ఇవ్వండి

బెజవాడ అమ్మ | అక్టోబర్ 12, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. మావారిది ప్రైవేటు ఉద్యోగం, నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మా బాబు ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు, ఇంటి నుంచే కాలేజీకి వెళ్ళొస్తాడు.

పాలవాడికీ, కిరాణా కొట్టుకీ డబ్బు కట్టాలంటే నేను కుట్టు మిషన్ మీద నుంచి లేవకుండా ఫోన్ వాడి చేతికే ఇస్తాను. పిన్ కూడా నేనే చెప్పాను. మొన్న గ్యాస్ డబ్బులు వెళ్ళాయా లేదా అని పాత లావాదేవీలు చూస్తుంటే 49, 79, 149 ఇలా వరసగా చిన్న చిన్న మొత్తాలు కనిపించాయి. కాగితం మీద రాసి కూడితే నాలుగు నెలల్లో 11,460 రూపాయలు తేలింది. ఫోన్ ఆటలో డైమండ్లకీ, తుపాకీ రంగులకీ కొంత, కాలేజీ బయట నూడిల్స్‌కీ బిర్యానీకీ కొంత. అడిగితే ముందు ఒప్పుకోలేదు. తర్వాత ఏడ్చాడు. అప్పుడే ఇంకో మాట బయటపడింది, స్నేహితులకు 2,500 బాకీ ఉన్నాడట.

మావారు ఇక పైసా ఇవ్వొద్దు, ఫోన్ ముట్టనివ్వొద్దు అంటున్నారు. నాకేమో మనసులో ఇంకోటి పీకుతోంది. ఇప్పటిదాకా నెలకింత అని వాడికి ఎప్పుడూ ఇవ్వలేదు. మా దగ్గరున్నప్పుడు ఇచ్చాం, లేనప్పుడు కసిరాం. డబ్బు లెక్క వాడికి ఎవరు నేర్పారని? ఇంకో రెండేళ్ళకు హాస్టల్‌కి వెళ్ళే పిల్లాడు. ఏం చేయమంటారు?

ముగ్గురు పిల్లల తండ్రి | అక్టోబర్ 12, రాత్రి 11:15

అమ్మా, మీవారు చెప్పిందే సరైనది. ఇంట్లో తెలియకుండా తీశాడంటే దాన్ని దొంగతనం అనే అంటారు. ఒక ఆరు నెలలు రూపాయి ఇవ్వకండి. టిఫిన్ ఇంట్లో, భోజనం బాక్సులో, ఛార్జీలకు మాత్రం చిల్లర. మా నాన్న మమ్మల్ని అలాగే పెంచారు, ముగ్గురు అన్నదమ్ములం ఎవరికీ బాకీ లేకుండా బతుకుతున్నాం. ఈ వయసులో చేతికి డబ్బిస్తే చదువు పోతుంది.

పాసుబుక్కు | అక్టోబర్ 13, ఉదయం 6:50

నేను గ్రామీణ బ్యాంకులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ముందు ఇవాళే పిన్ మార్చండి. పిల్లాడి మీద నమ్మకం లేదని కాదు, పిన్ అనేది భార్యాభర్తల మధ్య కూడా తిరగాల్సిన వస్తువు కాదు. మార్చేటప్పుడు వాడి ఎదురుగానే మార్చి, ఎందుకో చెప్పండి.

రెండోది, వాడికి సొంత ఖాతా తెరవండి. పదేళ్ళు నిండిన పిల్లలు తమ పేరు మీద సేవింగ్స్ ఖాతా తెరిచి తామే నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు 2014లోనే చెప్పింది, 2025 ఏప్రిల్‌లో ఆ నిబంధనలను మళ్ళీ సవరించి ఇచ్చింది. ఎంతవరకు తీయొచ్చు, ఏటీఎం కార్డు ఇవ్వాలా వద్దా అన్నది ఆ బ్యాంకు ఇష్టం. మైనర్ ఖాతాలో ఉన్నదానికి మించి తీయడం మాత్రం కుదరదు, అప్పు ఖాతాగా మారే వీలు లేదు. పోస్టాఫీసులో కూడా పదేళ్ళు దాటిన పిల్లలు సొంతంగా ఖాతా నడుపుకోవచ్చు, 500 రూపాయలతో మొదలవుతుంది.

ఫోన్‌తోనే కట్టాలంటే యూపీఐ సర్కిల్ అని 2024లో తెచ్చారు. ఖాతా మీదే, వాడు తన ఫోన్ నుంచి కడతాడు. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో నెలకు ఇంత అని మీరు హద్దు పెడతారు, పూర్తి అనుమతి ఇచ్చినా నెలకు 15,000, ఒక్కసారికి 5,000 దాటదు. రెండోదాంట్లో వాడు కట్టబోయిన ప్రతిసారీ మీ ఫోన్‌కి అడుగుతుంది, మీరు ఒప్పుకుని మీ పిన్ కొడితేనే డబ్బు వెళ్తుంది. మీ ఇంటికి మొదట ఈ రెండోదే మంచిది.

ఆటల సంగతి కూడా చూసుకోండి. డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో నిషేధించాయి, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. మీవాడు కొన్న డైమండ్లు, తుపాకీ రంగులు ఆ కోవలోకి రావు, అవి కేవలం ఖర్చు. కానీ రెండింట్లో ఏది ఆడుతున్నాడో మీరు పక్కన కూర్చుని చూడాలి.

నల్లబల్ల | అక్టోబర్ 13, రాత్రి 8:05

ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ప్రకాశం జిల్లా.

మా పుస్తకంలో బారువడ్డీ, చక్రవడ్డీ రెండూ ఉన్నాయి. పిల్లలు సూత్రం పెట్టి ఐదు నిమిషాల్లో చేసేస్తారు. అదే పిల్లాణ్ణి "మీ నాన్న రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు కదా, ఏడాదికి ఎంత శాతం?" అంటే నోరు తెరుస్తాడు. ఇంట్లో రోజూ వినే మాట వేరు, బళ్ళో నేర్చుకునే మాట వేరు. రెంటికీ వంతెన ఎవరూ వేయలేదు.

అందుకని నేను పదో తరగతికి ఏడాదికోసారి ఒక పీరియడ్ మొత్తం దీనికే కేటాయిస్తాను. రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి, ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24. మూడంటే 36. ఇక్కడిదాకా వచ్చాక క్రెడిట్ కార్డు బిల్లు సగం కట్టి సగం వదిలేస్తే చాలా కార్డుల మీద నెలకు మూడున్నర శాతం దాకా పడుతుందని చెప్తాను. "అంటే మూడున్నర రూపాయల వడ్డీనా సార్? మా ఊళ్ళో ఎవరూ అంత తీసుకోరు" అంటారు. ఆ ఆశ్చర్యం కోసమే నేను ఆగుతాను.

తర్వాత లోన్ యాప్ లెక్క. 5,000 అప్పు అంటారు, చేతికి 3,500 వేస్తారు, ఏడు రోజుల్లో 5,000 కట్టమంటారు. వారానికి 3,500 మీద 1,500. నెలకు లెక్కగడితే నూటికి 180 రూపాయలు దాటిన వడ్డీ. బోర్డు మీద ఆ అంకె రాసినప్పుడు తరగతిలో చప్పుడుండదు.

పొదుపు వైపు కూడా అలాగే. పోస్టాఫీసు ఆర్‌డీలో నెలకు 500 చొప్పున ఐదేళ్ళు కడితే మనం కట్టేది 30,000. 6.7 శాతం లెక్కన చేతికి వచ్చేది సుమారు 35,680. పిల్లలు "ఇంతేనా" అంటారు. ఇంతే. తొందరగా రెట్టింపు చేస్తామన్నవాడు ఎదురైనప్పుడు ఈ "ఇంతే" గుర్తుండాలి.

అమ్మా, మీవాడి విషయంలో ముగ్గురు పిల్లల తండ్రిగారి మాటతో నేను ఏకీభవించను. డబ్బు ముట్టకుండా డబ్బు నేర్చుకోవడం నీళ్ళలో దిగకుండా ఈత నేర్చుకున్నట్టే. నెలకు ఇంత అని ఖాయంగా ఇవ్వండి. ఒకటో తారీఖునే ఇవ్వండి. అందులో సరదాలే కాదు, వాడి రీఛార్జి, జెరాక్సులు, క్షవరం కూడా ఉండాలి. అయిపోతే మళ్ళీ ఇవ్వకండి. ఈ చివరిదే తల్లులకు కష్టం.

పత్తిచేను | అక్టోబర్ 14, మధ్యాహ్నం 2:20

అక్కా, మాది వరంగల్ దిక్కు ఊరు. నెలకింత అని ఇచ్చుడు జీతాలోళ్ళకు కుదురుతది. మాకు పైసలు ఏడాదికి ఒకటి రెండుసార్లే వస్తయి, అవి కూడా సగం పాత బాకీలకు పోతయి. అందుకే మేము వేరే పని చేసినం.

నా బిడ్డ తొమ్మిదో తరగతిల ఉన్నప్పటి నుంచి చేను లెక్క పుస్తకం ఆమెకే ఇచ్చినం. గింజల ప్యాకెట్లు, యూరియా, మందులు, కలుపు కూలీలు, పత్తి ఏరినందుకు కిలో లెక్కన ఇచ్చే కూలి, అన్నీ ఆమే రాస్తది. ఒక ఏడు కొనుగోలు కేంద్రానికి పత్తి తీసుకపోతే తేమ 12 శాతం దాటిందని వాపస్ పంపిన్రు. బయట వ్యాపారికి తక్కువకు అమ్ముకున్నం. ఆ రాత్రి బిడ్డ పుస్తకం ముందర పెట్టుకొని, రెండు రోజులు ఎండబెట్టి ఉంటే ఎంత మిగిలేదో లెక్క చేసి వాళ్ళ నాన్నకు చూపెట్టింది. ఆయన ఏం మాట్లాడలే. మరుసటి ఏడు పత్తి ఎండినంకనే బండి కట్టిండు.

ఆమెకు చేతి ఖర్చు అని మేము ఇచ్చింది తక్కువే. కానీ దుకాణంల ఏదన్న కొనాలంటే "ఇది ఎన్ని కిలోల పత్తి" అని అడుగుతది. మీ బాబుకు మీ ఇంటి లెక్క చూపెట్టిన్రా అక్కా?

ముగ్గురు పిల్లల తండ్రి | అక్టోబర్ 14, సాయంత్రం 6:30

ఇంటి అప్పులు పిల్లలకు చెప్పడం తప్పండి. చదువుకునే పిల్లల నెత్తిన ఆ టెన్షన్ ఎందుకు? వాళ్ళకు తెలియకుండా మోయడమే తల్లిదండ్రుల పని. మా నాన్న ఎంత అప్పులో ఉన్నారో ఆయన పోయాకే మాకు తెలిసింది.

బీటెక్ మూడో ఏడు | అక్టోబర్ 14, రాత్రి 11:55

నేను పేరెంట్‌ని కాదు, స్టూడెంట్‌ని. ఈ చర్చ చదివి రాయకుండా ఉండలేకపోయాను.

ఆంటీ, మా ఇంట్లో కూడా "నీకెందుకురా, నువ్వు చదువుకో" అనేవాళ్ళు. మా నాన్న ఆటో నడుపుతారు. ఇంట్లో ఎంత వస్తుందో, ఎంత పోతుందో పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా నాకు తెలియదు. హాస్టల్‌కి వచ్చాక అందరి దగ్గరా అన్నీ ఉన్నాయి, నా దగ్గర లేవు. ఒక సీనియర్ నీ బ్యాంకు ఖాతా నెల రోజులు వాడుకోనివ్వు, 5,000 ఇస్తా, నువ్వేం చేయక్కర్లేదు అన్నాడు. ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చేశాను. నా ఖాతా నేను ఇస్తున్నా, తప్పేముంది అనుకున్నాను.

మూడు వారాల్లో దాంట్లోంచి లక్షా ఎనభై వేలు తిరిగాయి. ఎవరో మోసపోయినవాళ్ళ డబ్బు. వాళ్ళు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేస్తే ఖాతా ఫ్రీజ్ అయింది, వేరే రాష్ట్రం పోలీసుల నుంచి ఫోన్ వచ్చింది. నా స్కాలర్‌షిప్ డబ్బు కూడా అందులోనే ఇరుక్కుంది. మూడు నెలలు ఇంట్లో చెప్పలేదు. తిడతారనే భయం కన్నా, నాన్న నమ్మకం పోతుందనే భయం ఎక్కువ. చివరికి అమ్మకు చెప్పాను. నాన్న రెండు రోజులు ఆటో ఆపేసి నాతో స్టేషన్‌కి వచ్చారు. ఒక్క మాట అనలేదు. బస్సులో వస్తూ, ఆటో మీద రోజుకెంత మిగులుతుందో మొదటిసారి నాకు చెప్పారు.

ఆ అంకె నాకు ముందే తెలిసుంటే 5,000 కోసం ఆశపడేవాడిని కాదని గట్టిగా చెప్పలేను. కానీ ఇంట్లో డబ్బు గురించి మాట్లాడే అలవాటు ఉండుంటే మూడు నెలలు దాచేవాడిని మాత్రం కాదు. అంకుల్ గారూ, మీ నాన్నగారు దాచారన్నారు. మా నాన్న కూడా దాచారు. నేనూ అదే నేర్చుకున్నాను.

పాసుబుక్కు | అక్టోబర్ 15, ఉదయం 7:10

బాబూ, రాసి మంచి పని చేశావు. తల్లిదండ్రులందరూ ఈ మాట పిల్లలకు విడిగా చెప్పాలి: ఖాతా, కార్డు, సిమ్, ఓటీపీ వీటిలో ఏదీ ఎవరికీ అద్దెకివ్వకూడదు. స్నేహితుడికైనా సరే. తీసుకున్నది వేలల్లో అయినా జవాబు చెప్పాల్సింది లక్షలకు.

ఇంకో సంగతి. పద్దెనిమిది నిండనివాళ్ళు రాసే అప్పు పత్రం మన కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు. అందుకని మైనర్‌కి అప్పిస్తామని వచ్చేవాడు చట్టం మీద నమ్మకంతో రాడు, భయపెట్టి వసూలు చేసుకోవచ్చని వస్తాడు. ఇది కూడా వాళ్ళకు తెలియాలి.

గోరింటాకు | అక్టోబర్ 15, ఉదయం 11:30

ఇక్కడ అందరూ అబ్బాయిల గురించే మాట్లాడుతున్నారు, పత్తిచేను గారు తప్ప. మా ఇంట్లో తమ్ముడికి పదమూడేళ్ళకే నెలకు ఇంత అని ఇచ్చేవాళ్ళు. నాకు ఏం కావాలన్నా కొనిపెట్టేవాళ్ళు, డబ్బు మాత్రం చేతికి ఇవ్వలేదు. ప్రేమ తక్కువ కాదు, ఆడపిల్లకు డబ్బుతో పనేముంది అనుకున్నారంతే. నాకు ఇరవై మూడేళ్ళకు ఉద్యోగం వచ్చింది. ఏటీఎంకి వెళ్ళాలంటే పక్కన నాన్న ఉండాలి. పెళ్ళయ్యాక కార్డు మావారి దగ్గర. ముప్పై దాటాక గానీ నా జీతం ఎటు పోతోందో నేను చూడలేదు.

మా పాప పేరు మీద సుకన్య ఖాతా ఉంది. దానికి పదమూడేళ్ళు. పోయిన నెల పాసుబుక్కు దాని చేతికిచ్చి చదవమన్నాను. పద్దెనిమిది నిండాక ఆ ఖాతా నడపాల్సింది అదే కదా, అప్పటిదాకా దాచి ఉంచడం ఎందుకు? పండక్కి బట్టలకు ఇంత అని చెప్పి బజారులో పక్కనే నిలబడ్డాను, ఎంచుకున్నదీ బేరమాడిందీ అదే. ఆడపిల్లల తల్లులు దయచేసి వాళ్ళ చేతికీ ఇవ్వండి.

బెజవాడ అమ్మ | అక్టోబర్ 19, రాత్రి 9:50

అందరికీ చేతులెత్తి దండం. ముఖ్యంగా బీటెక్ బాబుకి. నీ మాటలు మావారికి చదివి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఆయనే "ఆదివారం కూర్చుందాం" అన్నారు.

ఇవాళ ముగ్గురం భోజనాలయ్యాక నేల మీద కాగితం పరిచాం. ఆయన జీతం 38,000, నా కుట్టు మీద సుమారు 9,000. అద్దె 12,000, కిరాణా పాలు గ్యాస్ కలిపి పదమూడున్నర వేలు, అత్తయ్యగారి మందులు, బండి వాయిదా, కరెంటు, ఫోన్లు. వాడి కాలేజీ ఫీజు కోసం నెలనెలా 7,000 పక్కన పెడుతున్నాం. రాస్తున్నది వాడే. చివర్లో "గోల్డ్ లోన్ వడ్డీ 700" అని ఆయన చెప్తే వాడు పెన్ను ఆపాడు. ఏం గోల్డ్ అన్నాడు.

జూన్‌లో అడ్మిషన్‌కి నా గాజులు తాకట్టు పెట్టాం. 85,000 తెచ్చాం. వాడికి చెప్పలేదు. "నీ గాజులు బీరువాలో ఉన్నాయనుకున్నానమ్మా" అన్నాడు. ఆ తర్వాత మాట్లాడటానికి కాసేపు పట్టింది మాకు.

అన్నీ పోగా మిగిలేది నెలకు 4,900. వాడే గీత గీసి కింద రాశాడు. నాలుగు నెలల్లో తను ఖర్చు పెట్టింది మన రెండు నెలల మిగులు కన్నా ఎక్కువని కూడా వాడే అన్నాడు. నేను అనలేదు.

అనుకున్నవి ఇవి. నెలకు 1,800. అందులో రీఛార్జి, క్షవరం, జెరాక్సులు, పెన్నులు, బయట తిండి అన్నీ వాడివే. స్నేహితుల బాకీ 2,500 మేమే కట్టాం, అది పరాయి పిల్లల డబ్బు, ఆలస్యం చేయకూడదు. వాడు మాకు నెలకు 250 చొప్పున పది నెలలు తీరుస్తాడు. ఆ 11,460 వదిలేశాం, పిన్ ఇచ్చింది నేను కదా. పిన్ మార్చాను. పోస్టాఫీసు ఖాతా వచ్చే వారం.

నల్లబల్ల | అక్టోబర్ 20, ఉదయం 6:15

చాలా సంతోషం అమ్మా. ఒక్క సూచన. ఆ 2,500 మీద రూపాయి వడ్డీ వేయండి. మొదటి నెల 25 రూపాయలే. కానీ అప్పు తగ్గేకొద్దీ వడ్డీ ఎలా తగ్గుతుందో వాడు కళ్ళారా చూస్తాడు.

పాసుబుక్కు | అక్టోబర్ 20, ఉదయం 8:40

మాస్టారూ, ఇక్కడ మీతో ఏకీభవించలేను. తల్లి దగ్గర అప్పుకి వడ్డీ వద్దు. ముప్పై ఏళ్ళు వడ్డీ లెక్కలతోనే బతికాను కాబట్టి చెప్తున్నాను, లెక్క నేర్పడానికి కాగితం చాలు. ఇంట్లో సాయానికి ఖరీదు కడితే రేపు వాడు మనకు మందులు తెచ్చినప్పుడు కూడా లెక్క రాస్తాడు. తారీఖు తప్పకుండా కట్టడం నేర్పితే చాలు.

డాలస్ నుంచి | అక్టోబర్ 21, ఉదయం 9:05

మా ఊరు గుడివాడ, పదిహేడేళ్ళుగా టెక్సస్‌లో ఉంటున్నాం. ఇక్కడ పద్నాలుగేళ్ళ నుంచి కొన్ని ఉద్యోగాలు చేయనిస్తారు. మావాడు పదహారేళ్ళకు కిరాణా స్టోర్లో చేరాడు. మొదటి చెక్కు 312 డాలర్లు ఉండాలి, దాదాపు 24 డాలర్లు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (ఇక్కడి పెన్షన్, వృద్ధుల వైద్యం) పన్నుల కింద కోత పడింది. "నా డబ్బు ఎవరు తీసుకున్నారు?" అని వచ్చాడు. పన్ను అంటే ఏమిటో నేను ఏళ్ళ తరబడి చెప్పింది ఆ రోజు అర్థమైంది.

నా బాధ ఇంకొకటి. ఇండియాలో అమ్మానాన్నలకు మేం పంపే డబ్బు గురించి పిల్లలకు చెప్పలేదు. పత్తిచేను గారి మాట చదివాక నిన్న చెప్పాను. నాన్నమ్మ మోకాలి ఆపరేషన్‌కి ఎంతయిందో చూపించాను. పెద్దది "ముందే చెప్తే సెలవుల ట్రిప్పు వద్దనేదాన్ని కదా" అంది.

బెజవాడ అమ్మ | డిసెంబర్ 23, రాత్రి 10:10

రెండు నెలలు దాటింది, ఏం జరిగిందో చెప్తాను.

మొదటి నెల పదకొండో తారీఖుకే డబ్బు అయిపోయింది. ఒక స్నేహితుడి పుట్టినరోజుకి తన వంతు అని 600 ఇచ్చేశాడు. పన్నెండో తారీఖు సాయంత్రం వచ్చి వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అడగలేదు, నిలబడ్డాడంతే. నాకు ప్రాణం ఉసూరుమంది. చేతిలో ఎవరో కస్టమర్ ఇచ్చిన 500 నోటు ఉంది. ఇవ్వలేదు. మాస్టారూ, మీరన్నది నిజం, అదే కష్టం. ఆ ఇరవై రోజులూ రెండు పూటలా బాక్సు కట్టాను. రీఛార్జి గడువు అయిపోతే నాలుగు రోజులు ఫోన్ లేకుండా ఉన్నాడు.

రెండో నెల ఒకటో తారీఖున ముందు రీఛార్జి చేయించుకున్నాడు. 250 నా మిషన్ డ్రాయర్లో పెట్టి పుస్తకంలో సంతకం చేయమన్నాడు. ఇవాళ ఇరవై మూడు, ఇంకా 310 ఉన్నాయట. ఆట పూర్తిగా మానలేదు, అబద్ధం చెప్పను. కొనడం మాత్రం మానాడు.

ముగ్గురు పిల్లల తండ్రి | డిసెంబర్ 24, ఉదయం 7:30

అమ్మా, మొదట్లో నేను గట్టిగా మాట్లాడాను. పెద్దమ్మాయికి పోయిన వారం ఖాతా తెరిచాను. ఇంటి అప్పు గురించి ఇంకా చెప్పలేకపోతున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పత్తిచేను | డిసెంబర్ 24, మధ్యాహ్నం 1:45

అన్నా, అప్పుతోని మొదలు పెట్టకున్రి. ముందుగాల బియ్యం, పాలు, కరెంటు బిల్లు రాయమనున్రి. అప్పు వరుసల అదే వస్తది.

బెజవాడ అమ్మ | జనవరి 18, రాత్రి 9:20

అందరికీ ఆలస్యంగా సంక్రాంతి శుభాకాంక్షలు. మళ్ళీ ఒక సలహా కావాలి.

పండక్కి మా పుట్టింటికి వెళ్ళాం. మామయ్యలు, పిన్నులు, అమ్మమ్మ "ఖర్చుకు ఉంచుకో" అని వాడి జేబులో పెట్టినవి మొత్తం 3,600. ఇదివరకైతే బస్సెక్కగానే ఆ డబ్బు నేనే తీసేసుకునేదాన్ని, ఎటు పోయేదో నాకే గుర్తుండేది కాదు. ఈసారి ముట్టుకోలేదు. ఇంటికొచ్చాక 1,600 పోస్టాఫీసులో వేస్తానన్నాడు. మిగతా 2,000 గాజుల మీద కడతానంటున్నాడు.

నాకు తీసుకోవాలంటే మనసొప్పడం లేదు. పిల్లాడి పండగ డబ్బు. మావారు కట్టనివ్వు అంటున్నారు. వద్దంటే చిన్నబుచ్చుకుంటాడేమోనని కూడా ఉంది. ఏం చేయను?

నల్లబల్ల | జనవరి 18, రాత్రి 9:45

తీసుకోండి అమ్మా. వాడినే తీసుకెళ్ళి, కౌంటర్ దగ్గర వాడి చేతే కట్టించండి.

పాసుబుక్కు | జనవరి 18, రాత్రి 10:05

అసలు నుంచి తగ్గించమని గట్టిగా చెప్పండి, కొన్నిచోట్ల ముందు వడ్డీ కిందే జమ చేస్తారు. ఇప్పటిదాకా ఉన్న వడ్డీ మీరు కట్టేసి, ఆ 2,000 మొత్తం అసలుకే వెళ్ళేలా చూడండి. రశీదులో అసలు బాకీ ఎంత తగ్గిందో కనిపించాలి. ఆ రశీదు వాడి దగ్గరే ఉంచండి.

బెజవాడ అమ్మ | జనవరి 19, మధ్యాహ్నం 3:30

వెళ్ళొచ్చాం. వడ్డీ నేను కట్టాను, అసలు వాడు కట్టాడు. 83,000 ఉంది ఇంకా. రశీదు వాడి లెక్కల పుస్తకంలో పెట్టుకున్నాడు.